కాలు ఆమెది, పెద్దమనసు ఆయనది

ఆడవాళ్ళు ఓడిపోవాలి! ఓడిపోతేనే సుఖం, ఓడిపోతేనే పెళ్ళి, ఓడిపోతేనే వెనకాల వయొలిన్లు మోగుతాయి. ఈ మాట నేనంటే మీరు కొట్టడానికొస్తారని తెలుసు. కానీ మా హాలీవుడ్ పాటల కామెడీలు పదిహేనేళ్ళుగా ఇదే ముక్క చెబుతుంటే టిక్కెట్టు కొనుక్కుని, పేలాలు నములుతూ, కళ్ళొత్తుకుంటూ విన్నది మీరే కదా!

ఎంత మేలు చేశామో ఒక్కసారి ఆలోచించండి. మా సినిమాలు రాకముందు ఆడవాళ్ళ బతుకెంత గందరగోళంగా ఉండేదో! ఆఫీసులో టైపు కొట్టే అమ్మాయికి ప్రేమ కావాలంటే ఏం చేయాలో తెలిసేది కాదు. మేం చెప్పాం: కళ్ళజోడు తీసెయ్! అంతే! జోడు తీయగానే, ఆరేళ్ళుగా ఎదురు బల్ల దగ్గరే కూర్చున్న మేనేజరుకి ఆవిడ ఉన్నట్టు తెలుస్తుంది. ఆవిడకి మాత్రం ఎదురుగా ఉన్నది మేనేజరో, కోటు తగిలించే కొయ్యో కనబడదు. ప్రేమించడానికి ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఇంకేం కావాలి?

"వద్దు" అనే మాటకి అసలు అర్థం కనిపెట్టింది కూడా మేమే. వద్దంటే ఇంకో చరణం పాడమని. చెంప పగలగొడితే పల్లవి మళ్ళీ అందుకోమని. విసిగిపోయి రైలెక్కి పారిపోయిందనుకోండి, ఆ రైల్లో టిక్కెట్లు చూసేవాడి దగ్గర్నుంచి ఇంజను తోలేవాడి దాకా అందరూ కోరస్ పాడతారు. పాపం, ఎక్కడికి పోతుంది?

ఇక బంగారు రంగు జుట్టుంటే లెక్కలు రాకూడదు. నల్లజుట్టుంటే నమ్మకూడదు. హీరోయిన్ స్నేహితురాలు కడుపుబ్బ నవ్వించాలి గానీ ఆమెకి పెళ్ళి చేయకూడదు. చేస్తే జోకులెవరేస్తారు? ఉద్యోగం ఉన్న అమ్మాయి ఎనిమిదో రీలులో రాజీనామా ఇవ్వాలి, తొమ్మిదో రీలులో తెల్లగౌను వేసుకోవాలి. పదో రీలు దాకా ఉద్యోగం చేసిన ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు. పదో రీలు ఉండదు లెండి.

ఇంత ఉపకారం చేస్తుంటే గిట్టనివాళ్ళు మూతులు ముడుచుకుంటారు. ఆడవాళ్ళకి అన్యాయం జరుగుతోందట! అలాంటివాళ్ళ నోరు మూయించడానికి నేను ప్రకటనలు రాసే మా స్టూడియోలో మొన్నీమధ్య జరిగిన ఓపల్ ద్రాబెక్ కథ ఒక్కటి చాలు.

ఓపల్ డాన్స్ డైరెక్టరుకి అసిస్టెంటు. తొమ్మిదేళ్ళుగా అసిస్టెంటే. వయసు ముప్ఫై రెండు. టెక్సాసులో పత్తిచేల పక్కన పుట్టిన మనిషి. ఆవిడ పైన డాన్స్ డైరెక్టరు హోబర్ట్ లిండ్‌క్విస్ట్ గారు కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఇక్కడ ఏదో మెరుపులా ఉండాలి" అంటారు. ఆ మెరుపు ఏ కాలితో రావాలి, ఎన్నో తాళానికి రావాలి అన్నది ఓపల్ చూసుకుంటుంది. తెర మీద మాత్రం "డాన్సులు: హోబర్ట్ లిండ్‌క్విస్ట్" అని పడుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది అసూయపరుల మాట. మేం దాన్ని టీమ్‌వర్క్ అంటాం.

టెక్సాసులో ఆవిడ అక్క లూడ్మిలా ఉంది. ప్రతి సినిమాకీ వీధి వీధంతా వెంటేసుకుని వెళ్ళి చెల్లెలి పేరు కోసం వెతుకుతుంది. తర్వాత ఉత్తరం రాస్తుంది. "పేర్లు మరీ తొందరగా వెళ్ళిపోయాయే, చదవలేకపోయాను" అని ఒకసారి. "ముందు సీట్లో మీ బావ తల అడ్డొచ్చింది" అని ఇంకోసారి. తొమ్మిదేళ్ళలో బావ తల పద్నాలుగు సినిమాలకి అడ్డొచ్చింది.

ఓపల్‌కి ఇంకో పని కూడా ఉంది. తెర మీద మీరు చూసే, బూట్లతో నేల మీద తాళం కొట్టే ట్యాప్ డాన్సులో ఆ టకటకలు అప్పటికప్పుడు ఆ బూట్లలోంచే పుట్టాయనుకుంటున్నారు కదూ? ఎంత అమాయకులండీ! షూటింగప్పుడు లౌడ్‌స్పీకర్లో పాట మోగుతుంటుంది కాబట్టి కాళ్ళ చప్పుడు పనికిరాదు. తర్వాత ఓ చిన్న గదిలో, నేల మీద చెక్కపలక పరిచి, గోడ మీద బొమ్మ చూస్తూ, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇనప బిళ్ళల బూట్లతో ఆ అడుగులన్నీ ఎవరో ఒకరు మళ్ళీ వేయాలి. మా హీరో డెక్స్టర్ హాలిస్ కాళ్ళకి ఆ ఎవరో ఒకరు ఓపల్.

అవును! "అబ్బ, ఆ అడుగులో ఎంత మగతనమే!" అని దేశంలో సగంమంది గుండెల మీద చేయి వేసుకుంటున్నారే, ఆ మగతనం ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. మధ్యాహ్నం గుడ్డు సాండ్‌విచ్ తింటుంది. వానాకాలంలో మోకాలు నొప్పి అంటుంది.

డెక్స్టర్ చెడ్డవాడేం కాదు. నవ్వు బాగుంటుంది, చేతులు బాగుంటాయి. వచ్చిన చిక్కల్లా కాళ్ళతోనే. బంగాళాదుంపల బస్తా మెట్ల మీంచి దొర్లినట్టుంటాయి. ఆయన మడమ ఎక్కడ ఆలస్యంగా పడితే అక్కడ ఓపల్ చిన్న చప్పుడొకటి ముందే వేసి కప్పేస్తుంది. ఆడలేక మద్దెల ఓడు అనే అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. మద్దెల మేమే బాగుచేసి పెడతాం!

ఇక ఈసారి తీసిన సినిమా. హీరోయిన్ డాన్సు బడి నడుపుకుంటోంది. హీరోకి ఆ బడి స్థలంలో నైట్‌క్లబ్ కట్టాలనుంది. చివర్లో ఇద్దరికీ డాన్సు పోటీ. ఆమె ఓడితే బడి మూసేసి ఆయన్ని పెళ్ళి చేసుకోవాలి. ఆమె గెలిస్తే? అది రాయలేదు. కాగితం దండగ కదా!

ఆ పోటీ డాన్సు ఓపల్ కట్టింది. నాలుగు నిమిషాలు, ఒకే షాట్. తొమ్మిదేళ్ళుగా మనసులో దాచుకున్న అడుగులన్నీ అందులో పోసేసింది. చివరి చుట్టులో రెండు జతల కాళ్ళు ఒక్క మడమలా నేలని తాకాలి; ఆమె ఓడిన సంగతి తర్వాతి సీనులో మాటతో చెప్పిస్తారు. హీరోయిన్ కోరిన్ ఆల్డెన్ మొండి పిల్ల. కాళ్ళు బొబ్బలెక్కినా వదలకుండా నేర్చుకుంది. షాట్‌లో కోరిన్ గాలిలా తిరిగి తాళానికి దిగింది. డెక్స్టర్ ఎడమ మడమ దాని తీరికని బట్టి దిగింది.

మర్నాడు ప్రొడ్యూసర్ ట్రస్కాట్ ఓపల్‌ని పిలిపించాడు. హోబర్ట్ అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"బంగారూ, కొంప మునిగింది. అమ్మాయి గెలిచేసింది."

"చూశాను సార్."

"ఎందుకు గెలిచింది?"

"బాగా ఆడింది సార్."

"అదే కదా నా ఏడుపు! అంత బాగా ఆడమని ఎవరు చెప్పారు?"

"నేను మెరుపులా ఉండాలన్నాను, అంతే," అన్నాడు హోబర్ట్ కిటికీతో.

ట్రస్కాట్ బల్ల మీదకి వంగాడు. "మళ్ళీ తీద్దామంటే సెట్టు లేదు, అక్కడిప్పుడు సముద్రపు దొంగల ఓడ కట్టారు. బొమ్మ మార్చలేం. చప్పుడు మార్చొచ్చు కదా? ఇద్దరి కాళ్ళూ నువ్వే వెయ్యి. ఆఖరి చుట్టులో కోరిన్ కాలు ఒక తాళం తప్పినట్టు వినిపించు. డెక్స్ సంగతి ఎప్పట్లాగే సర్దెయ్. జనం కళ్ళకంటే చెవుల్ని నమ్ముతారు."

"కానీ ఆమె తప్పలేదు కదా సార్."

"తప్పితే ఏం పోయింది బంగారూ? తప్పితే పెళ్ళవుతుంది!"

ట్రస్కాట్ గొంతు తగ్గించాడు. "ఈ ఒక్కటీ చేసిపెట్టు. 'డాన్సులు: ఓపల్ ద్రాబెక్.' తెర నిండా వేయిస్తాను. హోబర్ట్ ఏమీ అనుకోడు."

హోబర్ట్ ఏదో అనుకున్నాడు. అది కూడా కిటికీతోనే అనుకున్నాడు.

చూశారా ఎంత ఉదారమో! ఒకే ఒక్క తాళం తప్పిస్తే తొమ్మిదేళ్ళ పేరు! ఇంకో ఆడదైతే ఎగిరి గంతేసేది. ఓపల్ మెట్లు దిగుతూ అక్కని తలుచుకుంది. బావ తల తలుచుకుంది. సరే, వేసేద్దాం, ఒక్క తాళమే కదా అనుకుంది.

టకటకల గదిలో సౌండు రికార్డు చేసేది ఎజ్రా పింకస్ అనే పెద్దాయన. దీపం ఆర్పి బొమ్మ వదిలాడు. ముందు కోరిన్ కాళ్ళు. నాలుగు నిమిషాలూ జారుడుబల్ల మీద జారినట్టు వెళ్ళింది ఓపల్. ఆఖరి చుట్టు వచ్చింది. తప్పాలి. కాలు సరిగ్గా తాళం మీద పడింది.

"ఇంకోసారి ఎజ్రా."

మళ్ళీ వేసింది. మళ్ళీ తాళం మీదే పడింది. మూడోసారీ అంతే.

"ఏమైంది తల్లీ?"

"కాలు మాట వినడం లేదు. నేను కట్టిన అడుగే కదా, నా మీద కోపమొచ్చినట్టుంది."

"తెర మీద పేరొస్తుందని చెప్పు దానికి."

"చెప్పాను. దానికి చదువు రాదట."

ఎజ్రా నవ్వలేదు. "పోనీ, ముందు డెక్స్టర్‌వి కానిచ్చేయ్."

బొమ్మ మళ్ళీ మొదలైంది. ఓపల్ డెక్స్టర్ కాళ్ళనే చూస్తోంది. తొమ్మిదేళ్ళుగా చూస్తున్న కాళ్ళు. ఎక్కడ తడబడతాయో వాటికంటే ముందు ఆవిడకి తెలుసు. అన్నీ అలవాటుగా సర్దుకుంటూ వచ్చింది. ఆఖరి చుట్టులో ఎడమ మడమ గాల్లో ఆగిపోయింది. ఇక్కడ ఆవిడ ముందే వేసి కప్పాలి. వేయలేదు. గాల్లో ఉన్న మడమ కోసం తనూ గాల్లో మడమ పెట్టుకుని ఆగింది. అది ఎప్పుడు దిగిందో అప్పుడే దింపింది. ఠక్!

దీపం వెలిగింది. ఎజ్రా గాజుపలక అవతల హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"ఓపల్... ఇది..."

"బొమ్మలో ఉన్నదే వేశాను."

"ఉద్యోగం పోతుంది పిల్లా."

"ఉద్యోగం పోయేది ఎనిమిదో రీలులో కదా ఎజ్రా. ఇది తొమ్మిదో రీలు." బూట్లు విప్పుకుంది. "పద, క్యాంటీన్లో సూపు చల్లారిపోతుంది."

రీళ్ళు తడి ఆరకుండానే పక్క ఊరు గ్లెండేల్‌లో, విడుదలకి ముందు జనానికి చూపించే ప్రివ్యూకి వెళ్ళాయి. ట్రస్కాట్ గారికి ముందుగా వినే తీరిక లేదు, ఆ వారమంతా గుర్రప్పందేలు. ఓపల్ ఆఖరి వరసలో కూర్చుంది. ఆఖరి చుట్టు వచ్చింది. కోరిన్ కాలు తాళానికి దిగింది. తర్వాత, అందరికీ వినబడేలా, డెక్స్టర్ మడమ. ఠక్!

ట్రస్కాట్ నోట్లోంచి చుట్ట జారి ఒళ్ళో పడింది. ఓపల్ కళ్ళు మూసుకుంది. అప్పుడు ముందు వరసలోంచి ఓ లావుపాటావిడ గొంతు వినిపించింది.

"అయ్యో, చూశావటే! కావాలనే తప్పాడు!"

"అవునే! పిల్ల చిన్నబుచ్చుకుంటుందని!" అంది పక్కావిడ, ముక్కు తుడుచుకుంటూ.

"ఎంత పెద్దమనసే! మా ఆయనా ఉన్నాడు, ముప్ఫై ఏళ్ళయింది, పేకాటలో కూడా ఒక్కసారి నన్ను గెలవనివ్వడు!"

చప్పట్లు! ఒకటే చప్పట్లు! తర్వాతి సీనులో కోరిన్ "నేను ఓడిపోయాను" అని ఏడుస్తూ బడి తాళంచెవి ఇచ్చేసే ముక్క ముందే తీసి ఉంది. అదిప్పుడు అతికినట్టు సరిపోయింది. గెలిచిన పిల్ల, గెలిపించిన మహానుభావుడికి బడి అప్పగించకపోతే కృతఘ్నత కాదూ? సినిమా చూసినవాళ్ళు బయట తమ అభిప్రాయం పెన్సిలుతో రాసిచ్చిన కార్డుల నిండా డెక్స్టర్ పెద్దమనసే. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే ఇంత పేరొస్తుందని మాకు మాత్రం ముందు తెలుసా?

ట్రస్కాట్ వరండాలో హోబర్ట్‌ని కౌగిలించుకున్నాడు. "నీ ఆలోచనేనా?"

"మెరుపులా ఉండాలన్నాను కదా," అన్నాడు హోబర్ట్ వినయంగా.

ఓపల్ ఇద్దరి మధ్యకీ వచ్చింది. "సార్, అది పెద్దమనసు కాదు. ఆయన కాలు జారింది. తొమ్మిదేళ్ళుగా జారుతూనే ఉంది. నేను కప్పుతున్నాను. ఈసారి కప్పలేదు."

ట్రస్కాట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అబ్బబ్బ, ఈ పిల్ల జోకులు! బంగారూ, నువ్వు హీరోయిన్ స్నేహితురాలి వేషానికి భలే పనికొస్తావు!"

"మరి పేరు సార్?"

"ఆడపిల్ల కాలు తప్పించమన్నాను. తప్పించలేదు కదా! మాటంటే మాటే."

న్యాయం చూశారా, ఎంత ఖచ్చితంగా ఉందో!

సినిమా విడుదలై ఊరూరా ఆడింది. డెక్స్టర్ పెద్దమనసు మీద పత్రికలు వ్యాసాలు రాశాయి. అబ్బాయిలు డాన్సు హాళ్ళలో అమ్మాయిల పాదాలు తొక్కి "కావాలనే" అనడం మొదలుపెట్టారు. ఇంతలో అనాథ పిల్లల ఆస్పత్రి కోసం ఓ ఆదివారం మధ్యాహ్నం ప్రదర్శన ఇవ్వాలని ఖాయం చేశారు. డెక్స్టర్, కోరిన్ స్టేజి మీద నిజంగా, నిజం బూట్లతో ఆ డాన్సు ఆడాలి. ఆ ఆఖరి మడమతో సహా!

ఆ కబురు తెలిసిన ఐదో రోజున డెక్స్టర్ టోపీ కళ్ళ మీదకి లాక్కుని రిహార్సలు హాలుకొచ్చాడు.

"ఓపల్, నాకు తప్పడం నేర్పు."

"ఆ విద్యలో మీకు నేను నేర్పేదేముందండీ?"

"ఎగతాళి చేయకు. నాలుగు రోజులుగా అద్దం ముందు చస్తున్నాను. ఓసారి ముందే తప్పుతున్నాను. ఓసారి రెండు చోట్ల తప్పుతున్నాను. నిన్నయితే మొత్తం తప్పాను. సరిగ్గా అక్కడే తప్పాలి! కావాలని తప్పినట్టుండాలి!"

"దానికి ముందు తాళం ఎక్కడుందో తెలియాలి కదా."

డెక్స్టర్ టోపీ తీశాడు. "ఎక్కడుంది?" అన్నాడు, దారి తప్పినవాడు ఊరి పేరు అడిగినట్టు.

పదకొండు సినిమాల హీరోని ఇంతవరకూ ఎవరూ కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పలేదు. నేర్పడం కంటే కప్పడం సులువు కదా!

మూడు వారాలు నేర్పింది ఓపల్. నేల మీద సుద్దతో గీతలు గీసింది. చేతికర్రతో తాళం కొట్టింది. "మడమ! మడమేదీ? ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అని అరిచింది. ఆయన చొక్కా పిండితే బక్కెట్టు నిండేది. "తప్పడం ఎప్పుడు నేర్పుతావ్?" అని రోజూ అడిగేవాడు. "రేపు," అనేది ఓపల్. ఆదివారం వచ్చేసింది గానీ ఆ రేపు రాలేదు.

హాలు కిటకిటలాడింది. మూడు నిమిషాల యాభై సెకన్లు గడిచాయి. ఆఖరి చుట్టు. రెండు వేలమంది ముందుకి వంగి, చేతి రుమాళ్ళు సిద్ధం చేసుకుని, ఆ పెద్దమనసు కోసం చెవులు రిక్కించారు. డెక్స్టర్ మడమ లేచింది. ఎంత తప్పాలనుకున్నా మూడు వారాలు దిగిన చోటుకే దిగింది. కోరిన్ మడమా అప్పుడే దిగింది. రెండూ కలిసి ఒక్కటే చప్పుడు. ఠక్!

చప్పట్లు లేవు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు గెలిచారు? ఎవరు ఓడారు? ఇప్పుడు ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకోవాలి? పాపం, ఎవరికీ పాలుపోలేదు. స్టేజి మీద కోరిన్ ఒక్కతే పకపకా నవ్వి డెక్స్టర్ చేయి పట్టుకుని గట్టిగా ఊపింది.

డెక్స్టర్ పరిగెత్తుకుంటూ తెర పక్కకొచ్చాడు. "ఓపల్! నేను తప్పలేదు!"

"విన్నాను."

"అది... అది నా చప్పుడేనా?"

"నీదే."

ఆయన తన బూట్లకేసి కొత్తవాళ్ళని చూసినట్టు చూసుకున్నాడు.

మర్నాడు పత్రికలన్నీ ఏకిపారేశాయి. డెక్స్టర్ పెద్దమనసు ఏమైంది? ఆడపిల్లతో సమానంగా ఆడతాడా, ఎంత మొరటుతనం! ట్రస్కాట్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి నెత్తినో రుద్దకపోతే హీరో పరువు పోతుంది. సాయంత్రానికల్లా స్టూడియో ప్రకటన వెళ్ళింది. "డెక్స్టర్ హాలిస్ గారి పెద్దమనసులో ఏ లోపమూ లేదు. జరిగిన ఘోరానికి పూర్తి బాధ్యత ఆ డాన్సు మొదట్నుంచి చివరిదాకా సొంతంగా కట్టి, అడుగడుగూ నేర్పిన ఓపల్ ద్రాబెక్‌దే. లిండ్‌క్విస్ట్ గారికి ఇందులో ఏ సంబంధమూ లేదు."

చూశారా! హాలీవుడ్ ఆడవాళ్ళకి పేరివ్వదని ఎవరండీ అన్నది? ఇచ్చింది! అన్ని పత్రికల్లో, మొదటి పేజీలో, ఇంకెవరి పేరూ కలపకుండా! కాస్త ఓపిక పట్టాలి అంతే. ఓపల్‌ని పొమ్మనే కాగితం కూడా తయారైంది గానీ, నేర్పితే ఆవిడే నేర్పాలని కోరిన్, డెక్స్టర్ ఇద్దరూ మొండికేయడంతో ట్రస్కాట్ బల్ల మీద సంతకం లేకుండా పడి ఉంది. ఉద్యోగం నిలబెట్టింది డెక్స్టర్ గారి పెద్దమనసే అని మేం అప్పుడే ఇంకో ప్రకటన రాసిపెట్టుకున్నాం.

కాబట్టి అక్కల్లారా, చెల్లెళ్ళారా, నా మాట విని ఓడిపోండి! మీరు గెలిచారంటే, గెలిపించిన పుణ్యం మోయడానికి పాపం ఎవడో ఒక మగాడు నడుం వంచాల్సొస్తుంది. వాళ్ళకి మాత్రం ఎన్ని పనులు?

ఓపల్ ఆ ప్రకటన కత్తిరించి టెక్సాసుకి పంపింది. వారానికి జవాబొచ్చింది. టకటకల గదిలో ఎజ్రాకి చదివి వినిపిస్తుంటే నేనూ విన్నాను. "కనబడిందే! ఈసారి మీ బావ తల అడ్డు రాలేదు. వీధంతా చూపించాను. కానీ ఒకటి అర్థం కాలేదు. అబ్బాయీ బాగా ఆడాడు, అమ్మాయీ బాగా ఆడింది అంటున్నారు. మరి ఘోరం ఎక్కడ జరిగిందే?"

టెక్సాసు వాళ్ళకి సినిమా వ్యాపారం ఏం తెలుస్తుంది చెప్పండి!